తొలి వాద్యబృందం: కొత్త విద్యార్థి ఎప్పుడు చేరాలి, ఏం వాయించాలి?

వయొలిన్ చేతికి తీసుకుని ఆరు నెలలు కూడా నిండని పిల్లల్ని పదిమందితో కలిపి వాయింపజేయవచ్చా? సంగీతం నేర్పేవాళ్ళ మధ్య ఈ మాట నూరేళ్ళకు పైగా నలుగుతోంది. చెయ్యి కుదరకముందే గుంపులో కలిపితే తప్పు స్వరం అలవాటైపోయి, తర్వాత దిద్దడం కష్టమవుతుందని కొందరంటారు. ఒంటరి సాధనతో విసిగి మధ్యలో మానేసేవాళ్ళను నిలబెట్టేది బృందమేనని మరికొందరంటారు. వీణ, వయొలిన్, వేణువు నేర్పే మన గురువుల్లోనూ ఈ చీలిక ఉంది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలు బడిలో ఒక పద్ధతి, వారాంతంలో మరో పద్ధతి నేర్చుకుంటూ ఉండటంతో చర్చ ఇంకాస్త చిక్కుపడింది.

ఈ చిక్కుకు ముఖ్య కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోవడం. బృందంలోకి ఎప్పుడు తీసుకురావాలన్నది మొదటిది. చెవితో నేర్పాలా, రాసిన స్వరం చూపించి నేర్పాలా అన్నది రెండోది. బృందంలో కొత్తవాడికి ఏ పని అప్పజెప్పాలన్నది మూడోది. వాదనలన్నీ మొదటి రెండింటి చుట్టూనే తిరిగాయి. మూడోదాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కానీ అది తేలకుండా మొదటిదానికి జవాబు దొరకదని నా అభిప్రాయం. చరిత్ర కూడా అటే చూపిస్తోంది.

తరగతి గదిలోకి వయొలిన్లు

ఐరోపాలో వయొలిన్ విద్య చాలాకాలం ఇంటికి గురువును పిలిపించుకోగలిగినవాళ్ళ సొత్తు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో ఆ పరిస్థితి మారింది. కెంట్ ప్రాంతంలోని మెయిడ్‌స్టన్ పట్టణంలో 1897లో ఒక సాధారణ పాఠశాలలో వయొలిన్ తరగతులు మొదలయ్యాయి. మర్డాక్ అనే వాద్యాల సంస్థ చిన్నచిన్న వారపు వాయిదాల మీద వయొలిన్లు ఇవ్వడంతో కూలిపని చేసే కుటుంబాల పిల్లలకూ వాద్యం అందింది. పదేళ్ళు తిరిగేసరికి ఇది వేలాది పాఠశాలలకు పాకింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో వేలమంది పిల్లలు ఒకేసారి వాయించే ఉత్సవాలు జరిగాయి. సంస్థకు అమ్మకం, పాఠశాలకు పేరు, పిల్లలకు సంగీతం మూడూ కలిసొచ్చిన ఏర్పాటు అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సన్నగిల్లింది.

దాని విత్తనం మాత్రం అట్లాంటిక్ దాటింది. బోస్టన్‌కు చెందిన ఆల్బర్ట్ మిచెల్ 1910లో ఇంగ్లండు వెళ్ళి ఈ తరగతులు చూసి, మరుసటి ఏడాదే తమ నగర పాఠశాలల్లో వయొలిన్ తరగతులు పెట్టించాడు. తర్వాత జోసెఫ్ మాడీ, థాడియస్ గిడింగ్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. వయొలిన్, ట్రంపెట్, క్లారినెట్ అన్న తేడా లేకుండా రకరకాల వాద్యాలు పట్టిన పిల్లల్ని ఒకే గదిలో, మొదటి రోజు నుంచే తెలిసిన పాటలతో నడిపించే పుస్తకం 1920ల తొలినాళ్ళలో తెచ్చారు. 1928లో మాడీ మిషిగన్‌లోని ఇంటర్‌లాకెన్‌లో మొదలుపెట్టిన విద్యార్థుల వాద్యబృంద శిబిరం అమెరికా పాఠశాలల సంగీతానికి దారి చూపింది.

అప్పుడే బయటపడిన ఒక ఇబ్బంది ఇప్పటికీ తీరలేదు. వయొలిన్ జాతి వాద్యాలకు డి మేజర్ స్కేలు సుళువు. ఖాళీ తీగలే అక్కడ ముఖ్య స్వరాలవుతాయి, వేళ్ళూ సహజంగా పడతాయి. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్లకు బి-ఫ్లాట్ సుళువు. కొత్తగా చేరిన తీగవాద్యకారుణ్ణి బి-ఫ్లాట్‌లో వాయించమంటే మొదటి వేలు వెనక్కి లాగాలి. ఊదే పిల్లవాణ్ణి డి మేజర్‌లో వాయించమంటే తెలియని వేళ్ళ అమరికలు వేయాలి. ఎవరికో ఒకరికి మొదటి నెలలోనే కష్టం తప్పదు. అందుకే చాలా పాఠశాలల్లో తొలి ఏడాది తీగవాద్యాలను, ఊదే వాద్యాలను విడివిడి బృందాలుగా నడుపుతారు. మన వాద్యాల విషయంలో ఇదే ఇబ్బంది శ్రుతి రూపంలో ఎదురవుతుంది.

సుజుకి, రోలండ్: విరోధం ఎంతవరకు?

జపానుకు చెందిన షినిచి సుజుకి (1898–1998) రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాట్సుమోటో పట్టణంలో మొదలుపెట్టిన పద్ధతి ఈ చర్చను మలుపు తిప్పింది. పసిపిల్లలు మాతృభాష నేర్చుకున్నట్టే సంగీతమూ వినీ వినీ నేర్చుకోగలరన్నది ఆయన నమ్మకం. తల్లో తండ్రో పాఠంలో కూర్చోవాలి. రికార్డు రోజూ వినిపించాలి. రాసిన సంగీతం చదవడం తర్వాతి మాట. 1958లో అమెరికాలోని ఓబర్లిన్‌లో, వందలాది జపాన్ పిల్లలు కలిసి వాయిస్తున్న చలనచిత్రం చూసి అక్కడి ఉపాధ్యాయులు నివ్వెరపోయారు. 1964లో సుజుకి తన శిష్యులతో అమెరికాలో పర్యటించాక పద్ధతి వేగంగా వ్యాపించింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. సుజుకి పద్ధతిలో బృందం కొత్త పాఠం చెప్పే చోటు కాదు. పిల్లవాడికి విడిగా పాఠం ఉంటుంది. అందులో కంఠతా వచ్చినదాన్నే బృందంలో వాయిస్తాడు. అంటే సంగతి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ధ్యాసంతా పక్కవాళ్ళతో కలవడం మీద పెట్టగలడు. మొదటి పుస్తకం 'ట్వింకిల్ ట్వింకిల్' వరుస మీద కట్టిన రకరకాల లయలతో మొదలవుతుంది. మనకు అది కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాల్లో 'శ్యామలే మీనాక్షి' వరుస అదే.

సుజుకి మార్గంపై వచ్చిన ప్రధాన విమర్శ, అందరూ ఎప్పుడూ ఒకే వరుస వాయిస్తారని. పదేళ్ళకు పెద్ద రచన వాయించగలిగిన పిల్లవాడు ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ భాగం చూసి వాయించమంటే తడబడతాడని. విమర్శలో నిజముంది. ఇప్పటి సుజుకి ఉపాధ్యాయుల్లో చాలామంది స్వరలిపి చదవడం ముందే మొదలుపెట్టి ఆ లోటు పూడుస్తున్నారు.

'ముందు పునాది' అనేవాళ్ళు తరచూ హంగరీ నుంచి అమెరికా వెళ్ళిన పాల్ రోలండ్‌ను ఉదహరిస్తారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960ల రెండో సగంలో మొదలైన ఆయన ప్రాజెక్టు, శరీర కదలిక స్వేచ్ఛగా ఉంటేనే కమాను నడుస్తుందని, స్వరం పలుకుతుందని చూపింది. భుజం బిగుసుకోకుండా ఉండటం, వేలు తేలికగా పడటం, కమాను బరువు తెలియడం మొదటి నుంచీ నేర్పాలన్నది దాని సారం. కానీ ఆ ప్రాజెక్టు పిల్లలకు నేర్పింది ఒంటరిగా కాదు, తరగతులుగానే. కాబట్టి పునాదీ బృందమూ ఒకదానికొకటి అడ్డు అనడానికి రోలండ్‌ను సాక్ష్యంగా తెచ్చుకోవడం సరికాదు. ఆయన వద్దన్నది తొందరపాటును. కలిసి వాయించడం వద్దని కాదు.

హంగరీ స్వరకర్త కొడాయ్ ఆలోచన వేరు. నోటితో పాడగలిగిందే చేతితో వాయించాలన్నాడు. ఫిన్లండులో గేజా సిల్వై రంగుల గుర్తులతో తయారుచేసిన వయొలిన్ పాఠ్యక్రమం ఆ దారిలోదే. మన విద్యలోనూ పాడటమే వాద్యానికి ముందు మెట్టు కాబట్టి ఈ వాదం మనవాళ్ళకు తేలిగ్గా మనసుకెక్కుతుంది.

ముందు బృందం, ఆపైన పాఠం

ముందు పాఠం, ఆపైన బృందం అన్న వరుసను పూర్తిగా తిరగేసినవాడు వెనిజులాకు చెందిన హోసే ఆంటోనియో అబ్రేయు. 1975లో కారకాస్‌లో మొదలైన ఎల్ సిస్టెమాలో పిల్లలు చేరిన వెంటనే ఆర్కెస్ట్రాలో ఉంటారు. కాస్త వచ్చినవాడు ఇంకా రానివాడికి చూపిస్తాడు. మరీ చిన్నపిల్లలు అట్టతో చేసిన వాద్యాలు పట్టుకుని కూర్చునే తీరు, కమాను కదలిక నేర్చుకుంటారు. పేదరికం, హింస మధ్య పెరిగే పిల్లలకు క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం ఇవ్వడమే దాని లక్ష్యంగా చెప్పుకుంది.

దాని మీద జరిగిన పరిశోధన జాగ్రత్తగా చదవాలి. 2012–13లో 16 కేంద్రాల్లో దాదాపు 3,000 మంది పిల్లల మీద లాటరీ పద్ధతిలో జరిపిన అధ్యయనంలో ఆత్మనిగ్రహం కొంత పెరిగినట్టు, కొన్ని వర్గాల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు తగ్గినట్టు తేలింది. ఫలితాలు ఉన్నాయి గానీ ప్రచారం చెప్పినంత పెద్దవి కావు. 2014లో జెఫ్రీ బేకర్ పుస్తకం ఆ వ్యవస్థలోని పెత్తనాన్ని, యాంత్రిక సాధనను తీవ్రంగా విమర్శించింది. ఆర్కెస్ట్రా పిల్లలకు సమాజాన్ని నేర్పుతుందా, మాట వినడాన్ని మాత్రమే నేర్పుతుందా అన్నది ఆ పుస్తకం లేవనెత్తిన ప్రశ్న. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఇంగ్లండులో లూసీ గ్రీన్ ఇంకో తలుపు తెరిచింది. రాక్, పాప్ వాయించేవాళ్ళు ఎలా నేర్చుకుంటారో పరిశీలించి 2002లో పుస్తకం రాసింది. వాళ్ళు స్నేహితులతో గుంపుకట్టి, ఇష్టమైన పాటను రికార్డు విని పట్టుకుంటారు. ఆ తీరును బడిలో పెట్టి చూసి 2008లో మరో పుస్తకం తెచ్చింది. పాట ఎంపిక పిల్లలదే కావడంతో ఉత్సాహం పెరిగింది. చేతి పద్ధతి కుదరడం మాత్రం ఆ మార్గానికి పట్టని విషయం. గిటారుకు, డ్రమ్స్‌కు అది కొంతవరకు చెల్లుతుంది. కమాను పట్టాల్సిన వాద్యానికి అంతగా చెల్లదు.

మన దగ్గర బృందం లేదా?

కర్ణాటక సంగీతం ఒక్కరి మనోధర్మం మీద నిలిచిన విద్య, దానికి బృందం అతకదని తరచూ వినిపించే మాట. ఇది సగమే నిజం. సన్నాయి మేళంలో కుర్రవాడు మొదట కూర్చునేది శ్రుతి పట్టడానికి, తాళం వేయడానికి. రాగం వాయించే వంతు వచ్చేసరికి ఏళ్ళు గడుస్తాయి. అప్పటికి ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఊరేగింపులు అతని చెవిలో పడి ఉంటాయో! భజన బృందంలో కొత్తవాడి చేతికి ముందు చిడతలు వస్తాయి, హార్మోనియం కాదు. డప్పు జట్టులో ఒకే దరువు పట్టుకుని వరుసలో నిలబడతారు. జావా గమెలాన్‌లోనూ ఇదే కనిపిస్తుంది. నిదానంగా, అరుదుగా మోగే వాద్యాలు కొత్తవాళ్ళవి, చిక్కని అల్లిక పెద్దవాళ్ళది. వీటన్నిటిలో కొత్తవాడు మొదటి రోజే బృందంలో ఉన్నాడు. అతనికి ఇచ్చిన పని చిన్నది, కానీ అది లేకపోతే బృందం నడవదు.

ఈ తీరు శాస్త్రీయ వాద్య విద్యలోకి రాలేదు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడుగా మొదలైన సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి గురువుల వల్ల తెలుగునాట వయొలిన్‌కు పెద్ద దన్నయింది. తరగతి పద్ధతి వచ్చింది. కానీ పదిమంది ఒకేచోట కూర్చుని ఒకే సరళీవరస వాయించడం సామూహిక పాఠమే అవుతుంది గానీ బృందవాద్యం అవదు. బృందంలో ఒకరు వాయించేది ఇంకొకరు వాయించేదానికి ఆసరా కావాలి. ఈ తేడా మన చర్చల్లో ఎప్పుడూ మసకబారుతుంది.

ఆకాశవాణి 1952లో రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ నాయకత్వంలో వాద్యబృందం ఏర్పరచింది. తర్వాత ఈమని శంకరశాస్త్రి దానికి రచనలు చేసి నడిపించారు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్‌తో గాత్రంలో బహుస్వర గానాన్ని అలవాటు చేశారు. తిరువయ్యారు ఆరాధనలో పంచరత్నాలు వందలమంది కలిసి పాడటం 1940ల నుంచీ స్థిరపడింది. ఇవి గొప్ప పనులు. కానీ వీటిలో పాల్గొన్నవాళ్ళు విద్వాంసులో, కనీసం కీర్తన దాకా వచ్చినవాళ్ళో. మొదటి ఏడాది విద్యార్థికి సరిపడే రచనలు వీటి నుంచి రాలేదు.

మొదటి సాధనలో ఎదురయ్యేవి

సందేహించేవాళ్ళ వాదన బలం తెలియాలంటే పది వయొలిన్లున్న గదిలోకి వెళ్ళాలి. కొత్తవాళ్ళు బిరడాలు తిప్పలేరు. గురువు ఒక్కొక్క వాద్యం తీసుకుని స-ప-స-పలకు శ్రుతి చేసేసరికి గంట తరగతిలో పావుగంట పోతుంది. ఆఖరిది పూర్తయ్యేలోపు మొదటిది జారుతుంది. వాయించడం మొదలైతే పిల్లవాడికి పక్కవాడి స్వరం వినపడినంతగా తన స్వరం వినపడదు. దాంతో కొందరు కమానును గట్టిగా నొక్కుతారు, కొందరు ఆనీ ఆనకుండా లాగి ఊరుకుంటారు. రిషభం ఎవరిది పైకి పోయిందో గురువుకు తేలదు. తొలి పాఠాలు నడిచే మాయామాళవగౌళలో రిషభం షడ్జానికి మరీ దగ్గర కాబట్టి, పదిమంది పది చోట్ల వేలు వేస్తే చెవికి బాధే. చెవి చెడుతుందన్న భయం ఊరికే పుట్టలేదు.

అయితే ఈ ఇబ్బంది బృందం వల్ల వచ్చిందా, బృందానికి ఇచ్చిన పాఠం వల్ల వచ్చిందా? ఇక్కడ జర్మనీకి చెందిన కార్ల్ ఓర్ఫ్ చేసిన ఏర్పాటు మనకు చాలా పనికొస్తుంది. ఆయన పిల్లల జైలోఫోన్ల నుంచి కొన్ని పలకలు తీసేయించి అయిదు స్వరాలే మిగిల్చాడు. పక్కపక్కన ఒరుసుకునే అర్ధస్వరాలు లేవు కాబట్టి ఎవరు ఎప్పుడు ఏది వాయించినా వెగటు పుట్టదు. కింద ఆధార స్వరం నిలకడగా మోగుతుంది, దాని మీద ఒక చిన్న లయ తిరుగుతూ ఉంటుంది. ఆ అయిదు స్వరాలూ మన మోహనం స్వరాలే. ఆ ఆధార స్వరం మన శ్రుతే. మాయామాళవగౌళలో మాత్రం స-రి, గ-మ, ప-ద, ని-స అని నాలుగు చోట్ల అర్ధస్వరాలు ఒరుసుకుంటాయి. ఒక్కరే సాధన చేసుకోవడానికి అది అద్భుతమైన రాగం. వేళ్ళ కొలత, చెవి కొలత రెండూ నేర్పుతుంది. రెండు వరుసలు ఒకేసారి మోగాల్సిన చోట మాత్రం అదే గుణం అడ్డొస్తుంది.

మోహనంలో స రి గ ప ద స, ఆరు స్వరాలు, రూపక తాళంలో ఆరు అక్షరాలు. ఎక్కడానికి ఒక ఆవర్తనం, దిగడానికి ఒకటి. ఒక జట్టు మొదటి కాలంలో వాయిస్తే రెండు ఆవర్తనాలకు పూర్తవుతుంది. ఆలోపు రెండో కాలం జట్టు రెండుసార్లు, మూడో కాలం జట్టు నాలుగుసార్లు ముగిస్తుంది. రెండో ఆవర్తనం సమం దగ్గర మొదటి జట్టు పై షడ్జం మీద ఉంటే మిగతా రెండు జట్లు కింది షడ్జం మీద ఉంటాయి. అన్నీ కలుస్తాయి. నాలుగో జట్టు, అంటే నిన్న మొన్న చేరినవాళ్ళు, ఖాళీ తీగ మీద షడ్జం, పంచమం నిండు కమానుతో నిలుపుతారు. చెవి తప్పకుండా విన్నవాడికే అది నిలుస్తుంది కాబట్టి అది ఊరికే ఇచ్చిన పని కాదు. వేలు పడటం రానివాడూ ఇక్కడ బృందానికి అవసరమే. మూడు కాలాల సాధన మన విద్యలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఒకేసారి మోగించడమే కొత్త.

తర్వాతి మెట్టుగా నొట్టుస్వరాలు ఉన్నాయి. శంకరాభరణంలో, గమకం భారం లేకుండా, సూటిగా నడిచే ఈ చిన్న రచనలు నలభైకి దగ్గరగా ఉన్నాయి. బ్యాండు సంగీతం విని దీక్షితులు సాహిత్యం కూర్చినవి కాబట్టి కలిసి వాయించడానికి అనువుగా ఉండటం సహజం. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ తెచ్చినవాళ్ళలో ముఖ్యుడన్నది గుర్తుచేసుకోవాలి.

పక్షాలను పక్కపక్కన పెడితే

సుజుకి మార్గం చెవిని, కంఠతా పట్టడాన్ని బలపరుస్తుంది. చూసి వాయించడంలో, వేరే వరుస నిలబెట్టుకోవడంలో వెనకబడుతుంది. తల్లిదండ్రుల సమయం దానికి తప్పనిసరి కాబట్టి అందరికీ అందదు. పాఠశాల బ్యాండు, ఆర్కెస్ట్రా మార్గం చౌక, ఎక్కువమందికి అందుతుంది, చదవడం వస్తుంది. చెయ్యి బిగుసుకుపోయినా ఎవరూ గమనించకపోవడం దాని లోపం. ఎల్ సిస్టెమా నిలకడ ఇస్తుంది, తోటివాళ్ళ ఆసరా ఇస్తుంది. వ్యక్తిగత మనోధర్మానికి చోటు తక్కువ. గ్రీన్ మార్గంలో ఇష్టం ఉంది, పద్ధతి బలహీనం. మన గురుముఖ విద్యలో పద్ధతి, చెవి రెండూ బలమే. మూడు నాలుగేళ్ళ దాకా విద్యార్థి ఇతరులతో కలిసి వాయించే అవకాశమే రాకపోవడం దాని లోటు. మేళం, భజన తీరు కొత్తవాడి పనిని అందరికంటే చక్కగా తేల్చింది. కానీ దానికి రాసిన క్రమం లేదు, వంశమో ఊరో ఆధారం.

వీటిని కలిపి చూస్తే ఒక విషయంలో ఏకాభిప్రాయం దగ్గరపడుతోందనిపిస్తుంది. తొలి ఏడాదిలోనే బృందం ఉండాలి, కానీ అది విడి పాఠానికి బదులు కాకూడదు. ఇక జట్టు పరిమాణం, ఎంపిక చేసే రచన, చెవికీ రాతకీ మధ్య పాళ్ళు వాద్యాన్నిబట్టి మారతాయి.

తేలనివి

మొదటిది శ్రుతి. గాత్రాన్నిబట్టి వయొలిన్ శ్రుతి మార్చుకోగలదు. వేణువు మార్చుకోలేదు, వేరే వేణువు తీసుకోవాలి. వీణ తీగలను కొంత మేరకే సవరించగలం. మృదంగం ఏ శ్రుతికి కట్టించుకుంటే దానికి అటూఇటూ కొద్దిగానే కదులుతుంది. ఇలాంటి మిశ్రమ బృందానికి ఒకే షడ్జం ఎంచుకోవడం ఎవరికో ఒకరికి నష్టం. ఒక జట్టు షడ్జాన్ని ఇంకో జట్టు పంచమంగానో మధ్యమంగానో తీసుకునే రచనలు చేయవచ్చు. అవి ప్రయత్నించదగినవి.

రెండోది గమకం. నొట్టుస్వరాలు దాటి తోడి, భైరవి దగ్గరకు వచ్చేసరికి బృందమంతా ఒకే పాఠాంతరం, ఒకే ఊపు పట్టాలి. పట్టించేకొద్దీ ఒక్కొక్క బాణీలోని సొగసు అరిగిపోతుందన్న భయం న్యాయమైనదే. ఏ రాగాల దాకా బృందం, ఎక్కడి నుంచి ఒంటరి సాధన అన్న గీత ఎక్కడ గీయాలో ఇంకా ఎవరూ స్పష్టంగా చెప్పలేదు.

మూడోది విదేశాల్లోని మన పిల్లలు. అమెరికా పాఠశాలల్లో నాలుగో, అయిదో తరగతిలో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. అక్కడ వయొలిన్ జి-డి-ఎ-ఇ తీగలతో, కుర్చీలో కూర్చుని, భుజం మీద నిలబెట్టి వాయించాలి. శనివారం పాఠంలో తీగలు స-ప-స-పలకు మారతాయి, నేల మీద కూర్చుని వాద్యం కొసను కుడి పాదం మీద ఆనించాలి. చెయ్యి జారడానికి స్వేచ్ఛ ఇచ్చే ఈ కూర్చునే తీరు గమకానికి ప్రాణం. రెండూ కలిపితే గందరగోళమని కొందరు గురువులు బడి ఆర్కెస్ట్రా మాన్పిస్తారు. అలా మాన్పిస్తే పిల్లవాడికి పదిమందితో కలిసి వాయించే ఒకే ఒక్క చోటు పోతుంది. కొన్ని కుటుంబాలు రెండు వయొలిన్లతో ఇబ్బందిని సగం తీరుస్తున్నాయి. చెవి రెండు పద్ధతులనూ మోయగలదనే నా నమ్మకం. రెండు భాషల పిల్లలు రోజూ చేస్తున్న పని అంతకంటే తక్కువేం కాదు.

ఇక పరీక్షలు, గురువుల తర్ఫీదు. మన సర్టిఫికెట్, డిప్లొమా ప్రయోగ పరీక్షల్లో విద్యార్థి ఒక్కడే కూర్చుని వాయిస్తాడు. మార్కులు దేనికుంటే పాఠం అటు నడుస్తుంది. గురువులు కూడా ఏకవాద్య విద్వాంసులుగానే తయారయ్యారు. మూడు జట్లను ఒకేసారి వినడం, ఒకరి అపస్వరాన్ని పదిమందిలో గుర్తుపట్టడం, నిన్న చేరిన పిల్లవాడికి నాలుగు స్వరాల వరుస రాసివ్వడం విడిగా నేర్చుకోవలసిన విద్యలు. ప్రయోగ పరీక్షలో పది మార్కులు నలుగురితో కలిసి వాయించడానికి పెడితే, మోహనంలోనో శంకరాభరణంలోనో తొలి ఏడాది జట్లకు రచనలు చేయాల్సిన అవసరం దానంతటదే వస్తుంది. ఆ రచనలు చేయగల వైణికులు, వయొలిన్ విద్వాంసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.